ఉప్పునీళ్లకు ఆగేది

గాలం దారం చుట్టే మూడు రీళ్లనూ పాత దినపత్రిక మీద వరసగా పెట్టి, వాటిని ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాడు యేసుదానం. గనిలోనూ అతనికి అదే అలవాటు. రెండో సీమ్‌లో, అంటే రెండో బొగ్గు పొరలో, ఏటవాలు దారి మీద బొగ్గు టబ్బులను ఇనుపతాడుతో పైకి లాగే హాలేజీ ఇంజను నడుపుతాడు. షిఫ్టుకి వెళ్లగానే మీట పట్టుకోడు. ఇంజనుకి ఎదురుగా నిలబడి, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య దాన్నెవరైనా మార్చేశారేమో అన్నట్టు ఒక నిమిషం చూస్తాడు.

"ముట్టుకో బావా, కరవయి," అన్నాడు కొమురెల్లి.

అదే ఇంజనును రాత్రి షిఫ్టులో నడిపేది కొమురెల్లి. ఉదయం ఏడింటికి యేసుదానం వెళ్లి అతని చేతి కింద నుంచి మీట అందుకుంటాడు. పదకొండేళ్లుగా గనిలో వాళ్లు ఒకరినొకరు చూసుకునేది రోజుకి ఐదు నిమిషాలు. మిగతా స్నేహమంతా ఆదివారాలు, గోదావరి ఒడ్డున, గాలాలు వేసుకుని.

"నువ్వు పిల్లను చూడబోయిన్నాడు ముందుగాల చూసినవా, ముట్టుకున్నవా?" అన్నాడు యేసుదానం.

"నేను చూసేటాల్లకు లగ్గమే అయిపోయింది."

వంటింట్లో యేసుదానం భార్య సత్యవతి నవ్వింది. "అన్నా, చాయ తాగుతవా?"

"పొయ్యి చెల్లె."

కిందటేడు సత్యవతి అక్క కూతురి పెళ్లికి బాపట్ల వెళ్లినప్పుడు యేసుదానం మొదటిసారి సముద్రం చూశాడు. గోదావరిలో వేసే చేతి గాలమే పట్టుకెళ్లాడు. తిప్పి విసిరితే సీసం గుండు మొదటి అల మీద పడింది. అల దాన్ని తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది. మళ్లీ విసిరాడు. మళ్లీ తెచ్చి పెట్టింది. కొంచెం దూరంలో ఒక పెద్దాయన, వెదురుకర్రకి బిగించిన రీలుతో, మూడో అల అవతల నీళ్లు నిలకడగా ఉన్నచోటికి విసిరి, మోచేయంత మాగచేపను లాగాడు. ఆ పెద్దాయన ఇతన్ని చూసి నవ్వలేదు. జాలి పడలేదు. అసలు చూడనే లేదు. పిల్లలు ఇసుకలో ఆడుకుంటుంటే ఎలా పట్టించుకోరో అలా. యేసుదానం ఆ సాయంత్రం నుంచీ మూడో అల అవతలికి వెళ్లాలని అనుకుంటూనే ఉన్నాడు. జనవరి రెండు నుంచి పదిరోజుల సెలవుకి కాగితం రాసిచ్చాడు. ఆ పదిరోజులూ అతని షిఫ్టు కూడా కొమురెల్లి మోస్తాడు. మరుసటేడు కొమురెల్లి వెళ్తాడు, ఇతను మోస్తాడు. రీలు ఇద్దరిదీ. అదీ ఒప్పందం.

"ఏడాది సంది మొత్తుకుంటే ఇప్పటికి తెచ్చిండా మీ బామ్మర్ది!" అన్నాడు యేసుదానం.

కొమురెల్లి బామ్మర్ది రాయమల్లు మద్రాసు హార్బర్లో ఖలాసి. ఓడల మీద వచ్చే సామాను అమ్మే దుకాణంలో అతనికి మాట ఉంది. మూడు తీసుకెళ్లి, ఏరుకున్నది ఉంచుకుని, మిగిలినవి తిరిగిమ్మన్నారట. సెలవు మీద ఊరికొచ్చిన రాయమల్లు వచ్చే ఆదివారం మద్రాసు బండి ఎక్కుతాడు. ఈలోగా తేల్చాలి.

కొమురెల్లి ఏదో చెప్పబోయాడు. చెప్పకుండా దినపత్రిక అంచుని గోటితో చీల్చాడు.

"నువ్వయితె ఏరు బావా. మిషిన్ల సంగతి నీకెరుక."

అప్పుడు ముట్టుకున్నాడు యేసుదానం. మొదటిది బంగారు రంగుది. పిడి తిప్పితే చప్పుడు లేదు. నూనెలో వేలు తిప్పినట్టుంది. దుకాణంవాడు దాని కండె నిండా తంగూసు దారం చుట్టి మరీ పంపాడు. రెండోది నల్లది, బరువైంది. ఎవరో కొన్నేళ్లు వాడి అమ్మేసినట్టుంది. మూలల్లో రంగు పోయింది. తిప్పితే లోపల గరగరమంది. మూడోది బూడిద రంగుది, ప్లాస్టిక్ కండెది. దాన్ని అప్పుడే పక్కన పెట్టేశాడు.

"ఎందుకట్ల?"

"పెద్ద చేప గుంజితె తంగూసు సాగుతది. సాగింది మల్ల దగ్గరికి ముడుసుకుంటది. వెయ్యి చుట్లు ఒక్కపారి పిసికితే గీ ప్లాస్టిక్ ఆగుతదా?"

"ఆగది," అన్నాడు కొమురెల్లి, తనే తప్పు చేసినట్టు.

యేసుదానాన్ని వేరే సంగతి ఇబ్బంది పెట్టింది. ఈ రీళ్లలో కండె తిరగదు. విసిరినప్పుడు దారం కండె తల మీది నుంచి జారుకుంటూ పోతుంది. చుట్టేటప్పుడు బకెట్ కాడలాంటి ఒక వంకీ తీగ కండె చుట్టూ తిరిగి దారాన్ని పేరుస్తుంది. పదకొండేళ్లు హాలేజీ డ్రమ్ము తిరిగి ఇనుపతాడు చుట్టుకోవడమే చూసినవాడికి అది ఒప్పుకోబుద్ధి కాలేదు.

"డ్రమ్ము నిలబడి తాడు తిరుగుడేంది?"

"మా ఇంట్ల గంతే బావా," అన్నాడు కొమురెల్లి. "ఆమె కూసుంటది. చుట్టు నేను తిరుగుత."

ఆ రాత్రి పడుకోబోయే ముందు బంగారుదాంట్లోంచీ నల్లదాంట్లోంచీ ఒక్కో చిన్న స్క్రూ విప్పి, రెండు గ్లాసుల్లో ఉప్పునీళ్లు కలిపి వేశాడు. కిటికీలో పెట్టాడు. సత్యవతి వాటిని చూసి, "గ్లాసులు నాకు వాపసియ్యి, క్రిస్మసుకు చుట్టాలొస్తరు," అంది.

సోమవారం సాయంత్రం ఇద్దరూ కాలనీ వెనక ఫుట్‌బాల్ గ్రౌండుకి వెళ్లారు. యేసుదానం ఎనిమిదడుగుల వెదురుకర్రకి, గనిలో మందుగుండు పేల్చే వైరుతో ఇనుప రింగులు కట్టాడు. ఎర్రటి, పచ్చటి వైరు. కర్ర పెళ్లికొడుకులా ఉందన్నాడు కొమురెల్లి. బంగారు రీలు బిగించి విసిరితే సీసం గుండు డెబ్బై అంగల దూరం వెళ్లింది. నల్లదానికి యేసుదానం తనే తంగూసు చుట్టాడు. తడిగుడ్డలో వేళ్ల మధ్య బిగించి, ఒక చుట్టు పక్కన ఒక చుట్టు, హాలేజీ డ్రమ్ము మీద తాడు పేర్చినట్టు. విసిరాడు. నలభై ఐదు. మళ్లీ విసిరాడు. నలభై మూడు.

మంగళవారం కర్ర మార్చి చూశాడు. సీసం బరువు పెంచాడు. రీలు విప్పి, కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పెట్టాడు. లోపల పండ్ల చక్రం ఇత్తడిది, మధ్య కడ్డీ తుప్పు ఎరగని ఉక్కు. గరగర పోయింది. యాభై దాటలేదు.

కొమురెల్లిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి గ్లాసులు చూశాడు. నల్లదాని స్క్రూ వేసినప్పటిలాగే ఉంది. బంగారుదాని స్క్రూ చుట్టూ నీళ్లు టీ రంగుకి తిరిగాయి. వేలితో రుద్దితే వేలికి ఎరుపు అంటింది. పైకి బంగారం, లోపల ఉత్త ఇనుము. అంటే దూరం పోయేది ఉప్పుకి ఆగదు. ఉప్పుకి ఆగేది దూరం పోదు. ఆ రాత్రి అతనికి ఇది తన మనసుకే పెట్టిన పరీక్షలా అనిపించింది. తన జీవితంలో ఏదైనా ఒకదాన్ని ఇంత జాగ్రత్తగా ఏరింది ఉందా అని ఆలోచించాడు. ఉద్యోగం దొరికింది. పెళ్లి పెద్దలు చేశారు. క్వార్టరు నంబరు ఆఫీసువాళ్లు రాశారు. ఏరడం అనే పని యాభై ఏళ్లకి మొదటిసారి చేస్తున్నాడు. దానికి ఇంత సంతోషం ఉంటుందని తెలియదు.

బుధవారం డ్యూటీలో, టబ్బులు కింద నింపుతున్న విరామంలో, డ్రమ్ము వైపు చూస్తూ ఉండగా తెలిసింది. డ్రమ్ము అంచుకీ తాడుకీ మధ్య జానెడు ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. తాడు అంచుదాకా వస్తే ఎగిరి బయటపడుతుంది, మనుషుల్ని కోస్తుంది. హాలేజీ పని నేర్పినవాడు మొదట చెప్పేది అదే. నల్లరీలుకీ చెయ్యి దానంతటదే ఖాళీ ఉంచింది. కాని ఇక్కడ డ్రమ్ము తిరగదు. దారం తనే అంచు ఎక్కి దిగిపోవాలి. అడుగంటిన బావిలోంచి చేద పైకి వచ్చినట్టు, ప్రతి చుట్టూ ఆ గోడని రాసుకుంటూ రావాలి. తిరిగే డ్రమ్ముకి అంచు కాపలా. తిరగని కండెకి అంచు అడ్డం. బంగారుదాన్ని దుకాణంవాడు నిండా చుట్టాడు. అంతే తేడా.

గంట రెండుసార్లు మోగింది. మీట లాగుతూ అతను ఒక్కడే నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం నల్లదానికి అంచుకి వెంట్రుకవాసి తక్కువగా చుట్టి విసిరాడు. దారం చప్పుడు లేకుండా లేచిపోయింది. సీసం గుండు ఎక్కడ పడిందో కనబడలేదు. అవతల నిలబడ్డ కొమురెల్లి తల మీదుగా వెళ్లింది. అతను వెనక్కి తిరిగి పరిగెత్తాడు, వంగాడు, గుండు తీసుకున్నాడు. తీసుకుని, వీపు ఇటే పెట్టి, అక్కడే నిలబడిపోయాడు. ఎగశ్వాస తగ్గడానికేమో అనుకున్నాడు యేసుదానం. ఈమధ్య కొమురెల్లికి నాలుగు అడుగులు వేస్తే దమ్ము వస్తోంది.

చాలాసేపటికి అంగలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

"తొంభై రెండు."

"మూడో అల కాదు, నాలుగోది!" అంటూ యేసుదానం గెంతాడు. "చూసినవా? ముసలిదే గాని మొగోడు బావా ఇది."

కొమురెల్లి గుండుకంటిన మట్టిని బొటనవేలితో తుడుస్తున్నాడు. "ఎడమచేతి మనిషి గూడ గంత దూరం ఏస్తడా?"

"పిడి ఊడదీసి అటుపక్క బిగిస్తే సరి. ఎవరిది ఎడమచెయ్యి?"

"ఊకె అడిగిన."

యేసుదానం అప్పటికే రెండోసారి విసరడానికి కర్ర వెనక్కి వంచుతున్నాడు.

గురువారం మధ్యాహ్నం అండర్ మేనేజరు రౌండుకి వచ్చాడు. కోస్తావాడు, నలభై దాటనివాడు, గట్టిగా మాట్లాడడు. హాలేజీ గదిలో తాడు చూశాడు, బ్రేకు చూశాడు, రిజిస్టరు అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. పెన్ను ఎడమచేతిలో ఉంది. పదిసార్లు చూసిన సంగతే. ఆ రోజు మాత్రం యేసుదానం కళ్లు ఆ చేతి మీద ఒక క్షణం ఎక్కువ నిలిచాయి.

"ఏమయ్యా యేసుదానం, నా రీలు ఎంతవరకొచ్చింది?"

"ఏ రీలు సార్?"

"అదేనయ్యా, కొమురెల్లి మద్రాసు నించి తెప్పించాడుగా. నువ్వు పరీక్షలు చేస్తున్నావని చెప్పాడు. గ్రౌండులో విసురుతున్నావట కూడా." అతను నవ్వాడు. మంచి నవ్వే. "క్రిస్మస్ సెలవులకి కాకినాడ వెళ్తున్నాం. మా బావమరిది ఒకడున్నాడు, ప్రతి ఏడూ నన్ను బీచిలో నవ్వులపాలు చేస్తాడు. ఈసారి వాడి నోరు మూయించాలి. మంచిది చూడు."

"సార్."

"ఆ, నీ లీవు కాగితం చూశాను. జనవరిలో కుదరదయ్యా. కొమురెల్లిని ఫస్టు నించి పైన లాంపు రూములో, దీపాలిచ్చే పనిలో వేస్తున్నాం. ఇక్కడ హాలేజీకి మనిషి ఉండడు. వేసంగిలో చూద్దాం."

గంట రెండుసార్లు మోగింది. యేసుదానం క్లచ్చు వేసి మీట లాగాడు. తాడు బిగిసింది, డ్రమ్ము తిరిగింది. అతను తల తిప్పేసరికి అండర్ మేనేజరు టోపీ దీపం ఆ సొరంగంలో దూరంగా ఊగుతూ పోతోంది.

ఆ షిఫ్టులో ఇంకా ఎన్ని వరసల టబ్బులు లాగాడో అతనికి గుర్తులేదు. చేతులు వాటి పని అవి చేశాయి. మనసు ఆదివారం దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి ఒక్కొక్క రోజునీ మళ్లీ చూస్తూ వచ్చింది. చీల్చిన దినపత్రిక అంచు. తుడిచిన సీసం గుండు. గ్రౌండు చివర ఇటు తిరగని వీపు. ఏదీ మారలేదు, అన్నీ అప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కాని వాటిల్లో తను లేడు. పైపెచ్చు ఒక చోట తనని తను చూసుకున్నాడు: తొంభై రెండు అని వినగానే గ్రౌండు మధ్యలో గెంతిన యాభై ఏళ్ల మనిషి. అది తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. పోయిన సెలవు కంటే, చెయ్యి జారిన రీలు కంటే, ఆ గెంతు అతన్ని ఎక్కువ బాధపెట్టింది. దాన్ని ఒక మనిషి చూశాడు. రీలు ఎవరి కోసమో తెలిసి చూశాడు.

సాయంత్రం కొమురెల్లి గ్రౌండుకి రమ్మని పిలవడానికి వచ్చాడు. యేసుదానం మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఒంట్ల బాగలేదట అన్నా," అని సత్యవతి చెప్పడం వినిపించింది.

"జరమా?"

"ఏమో. చెప్తలేడు."

కొమురెల్లి గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. అతని ఊపిరి మంచం దాకా వినబడింది. తర్వాత చెప్పుల చప్పుడు దూరమైంది.

శుక్రవారం ఉదయం ఏడింటికి యేసుదానం హాలేజీ గదిలోకి వెళ్లేసరికి కొమురెల్లి ఇంజను పక్క పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. టబ్బులు ఆగి ఉన్నాయి. యేసుదానం టిఫిను డబ్బా మేకుకి తగిలించాడు.

"సాబు అడిగిండు. నా రీలు ఎందాక వచ్చిందని."

కొమురెల్లి లేవలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. దీపం నేల మీద గుండ్రంగా పడింది. ఇద్దరూ ఆ వెలుగునే చూశారు.

"చెప్దామనే వచ్చిన బావా ఆదివారం. నువ్వు చూసి, ఇప్పటికి తెచ్చిండా అన్నవ్. నీ మొకం చూసినంక నోట్లకెల్లి మాట రాలే."

"సోమారం రాలే? మంగళారం రాలే?"

"రాలే."

"నా లీవు పోయింది, ఎరుకేనా?"

కొమురెల్లి తల ఎత్తాడు. అది అతనికి తెలియదని ఆ ముఖంలో కనబడింది. తెలియకపోవడం తేలికేమీ కాలేదు.

"నా దమ్ము నువ్వు చూస్తనే ఉన్నవ్. రెండు మైళ్లు దిగి రెండు మైళ్లు ఎక్కాలె. పోయిన నెల నడిమిట్ల మూడుసార్లు కూసున్న. దవాఖానకు పోతే అన్‌ఫిట్టని రాసి ఇంటికి పంపుతరు. సాబు రీలు గావాలన్నడు. నాకు గదొక్కటే తొవ్వ దొరికింది."

"అది తప్పంటున్ననా? నాకు చెప్తె ఏరకపోదునా?"

"ఏరుతుంటివి." కొమురెల్లి టోపీ అంచుని వేళ్లతో తడుముతున్నాడు. "గాని గిట్ల ఏరకపోదువు బావా. సాబుకంటే, చూసి, ఇది మంచిగున్నది అని ఇస్తుంటివి. నీదనుకుంటేనే గంత మనసు పెడ్తవు. గది నాకెరుక."

కింద నుంచి గంట మోగింది. యేసుదానం ముందుకు వంగి మీట పట్టుకున్నాడు. కొమురెల్లి రెండో చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. అది తీసేదాకా ఆగాడు.

వెళ్లబోతూ కొమురెల్లి అన్నాడు. "రేపు నాలుగింటికి ఇద్దర్ని బంగ్లాకు రమ్మన్నడు. ఏది మంచిదో నువ్వే చెప్పాలెనట." ఆగాడు. "నువ్వు రానంటే నేనేం అన."

"వస్త," అన్నాడు యేసుదానం, ఇంజను వైపే చూస్తూ.

ఎందుకు వస్తానన్నాడో అతనికి తెలియదు. శుక్రవారం రాత్రి బంగారుదాని స్క్రూని కిరోసిన్‌లో తుడిచి, మెరిసేదాకా గుడ్డతో రుద్ది, దాని చోట బిగించాడు. ఒకరి సామాను తిరిగి ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలి. అంతకుమించి ఏమీ అనుకోలేదు. నల్లదాని పిడి మాత్రం అటుపక్కకి మార్చాడు, ఎడమచేతివాడికి వీలుగా. మార్చాక ఒకసారి తిప్పి చూశాడు. తన చేతికి అది కొత్తగా ఉంది.

బంగ్లా వరండాలో పేము బల్ల మీద మూడు రీళ్లూ పెట్టారు. తోటమాలి మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. అండర్ మేనేజరు లుంగీలో, బనీనులో ఉన్నాడు. గనిలో కంటే చిన్నవాడిలా కనిపించాడు. నేరుగా బంగారుదాన్ని తీసుకుని పిడి తిప్పాడు.

"అబ్బ. ఇది చూడవయ్యా, వెన్నలా తిరుగుతోంది."

యేసుదానం నల్లదాని మీద చెయ్యి వేసి ఉన్నాడు. చెప్పవలసిన మాటలన్నీ వరసగా ఉన్నాయి. ఇత్తడి పండ్ల చక్రం, ఉక్కు కడ్డీ, తొంభై రెండు అంగలు. నాలుగురోజులు పోగుచేసినవి. వాటిని ఇక్కడ, ఈ పేము బల్ల మీద, ఈ మనిషికి ఒప్పజెప్పాలి. కొమురెల్లి పక్కన నిలబడి వింటాడు.

"ఏమంటావ్? ఇదేనా?"

"అదే మంచిది సార్," అన్నాడు యేసుదానం.

కొమురెల్లి కాళ్లు కదిలిన చప్పుడైంది.

"మరి ఆ నల్లది? దాని గురించే ఏదో చెప్తున్నాడు కొమురెల్లి."

"పాతది సార్. ఎవరో వాడి అమ్మిండ్రు. బరువు గూడ, చెయ్యి గుంజుతది."

నల్లదాని గురించి చెప్పినవన్నీ నిజాలే. నిజాలను పక్కపక్కన పెట్టి ఇంత దూరం రావచ్చని అతనికి ఇప్పుడే తెలిసింది. అండర్ మేనేజరు రీలుని ఎండకి ఎత్తి పట్టుకుని చూశాడు. మనిషి తెలివితక్కువవాడు కాదు. అడగవలసింది అడిగాడు.

"చూట్టానికి బానే ఉంది కాని, ఉప్పునీళ్లకి ఆగుతుందా?"

యేసుదానం కొమురెల్లి వైపు చూశాడు. గ్లాసులు కొమురెల్లి చూశాడు. వేలికంటిన ఎరుపుని చూశాడు. ఒక్క మాట అతనిది చాలు. కొమురెల్లి తోటమాలి పోస్తున్న నీళ్లను చూస్తూ నిలబడ్డాడు.

"ఆగుతది సార్."

"మంచిది." అతను రీలుని ఒళ్లో పెట్టుకున్నాడు. సంతోషంలో మనిషి మెత్తబడ్డాడు. "ఆ ముసలిదాన్ని మీరుంచుకోండయ్యా, దాని ధర నేనిస్తాలే. గోదావరికి పనికొస్తుంది. నీ లీవు సంగతి కూడా చూస్తాలే యేసుదానం. నాలుగో సీమ్ నించి ఎవణ్ణో ఒకణ్ణి పదిరోజులు తెప్పిస్తాను. పాపం, అడక్క అడక్క అడిగావు."

"సలాం సార్."

గేటు దాటి ఇద్దరూ రోడ్డెక్కారు. తుమ్మచెట్టు దగ్గర కొమురెల్లి ఆగిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గుతూనే నవ్వాడు.

"వారీ బావా! నల్లది మనకే మిగిలె! లాంపు రూమొచ్చె, నీ లీవొచ్చె! ఎట్ల చెప్పినవయ్యా గంత నిమ్మలంగ?" కళ్లు తుడుచుకున్నాడు. "నీ దగ్గర గింత మాట దాసిపెట్టి నాకు రెండు దినాలు బువ్వ సయించలే. మా ఇంటామె మల్లక్క కొట్లాడింది ఏమాయెనని. నువ్వు సాబు కండ్లల్లకు చూసుకుంట, ఆగుతది సార్ అన్నవ్. రెప్ప గూడ కొట్టలే. నాకైతె వశం గాదు బావా."

అతను మెచ్చుకుంటున్నాడు. నిజంగా మెచ్చుకుంటున్నాడు. ఆరురోజుల తర్వాత మొదటిసారి యేసుదానం కళ్లలోకి చూస్తున్నాడు. లెక్క సరిపోయిందని, ఇక ఇద్దరూ ఒక పక్కన నిలబడ్డారని ఆ ముఖం నమ్ముతోంది.

యేసుదానం నడుస్తూ రోజులు లెక్కపెట్టాడు. స్క్రూ ఎర్రబడటానికి గ్లాసులో రెండు రాత్రులు పట్టింది. సముద్రంలో అలా నానదు, తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. అది ఇంకా చెడ్డది. మూడో రోజుకి వంకీ తీగ బిగుసుకుంటుంది. ఐదో రోజుకి పిడి తిరగదు, బావమరిది ముందు. జనవరి రెండున సాబు తిరిగి వస్తాడు. అప్పటికి తను బాపట్ల బండిలో ఉంటాడు. కోపం తన మీదా వస్తుంది. కాని తన దగ్గర లాక్కోవడానికి ఏముంది, ఉన్నచోటే ఉంటాడు. కొమురెల్లి దగ్గర ఒకటుంది, లాంపు రూము. ఒకటో తారీఖున ఇచ్చింది మూడో తారీఖున తీసుకోవడానికి ఎడమచేతి సంతకం ఒకటి చాలు.

కొమురెల్లి ఇది ఆలోచించలేదు. అతనికి ఇలాంటివి తోచవు. తోచేవాడైతే ఆ వరండాలోనే నోరు విప్పేవాడు.

మరి తనకి ఎప్పుడు తోచింది? ఇప్పుడా, ఈ రోడ్డు మీదా? లేక 'ఆగుతది' అనే ముందు, కొమురెల్లి వైపు చూసినప్పుడా? ఎంత వెతికినా ఆ క్షణంలోకి మళ్లీ వెళ్లలేకపోయాడు. తలుపు అవతలి నుంచి గడియ పడినట్టుంది.

"కొమురెల్లీ," అని పిలిచాడు.

"ఏంది బావా?"

ఆ ముఖం చెమటతో, తేలికపడి, పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది. ఎగశ్వాస ఇంకా తగ్గలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇప్పుడే వెనక్కి వెళ్లి చెప్పవచ్చు. బంగ్లా ఇంకా కనబడుతోంది. చెబితే, అబద్ధం వింటూ నోరు మూసుకున్నవాడిగా కొమురెల్లి ఇవాళే పోతాడు. చెప్పకపోతే మూడో తారీఖున.

"ఏం లేదు. మెల్లగ నడు."

"నడుస్తనే ఉన్న. ఇగ నాకేం ఫికర్," అన్నాడు కొమురెల్లి.

క్వార్టర్ల దగ్గర విడిపోయారు. కొమురెల్లి ప్లాస్టిక్ కండె రీలుని రాయమల్లుకి ఇవ్వడానికి తీసుకెళ్లాడు. సత్యవతి గుమ్మం మీద కాగితం నక్షత్రం కడుతోంది. స్టూలు దిగి, అతని చేతిలో నల్లరీలు తీసుకుని, పిడి రెండుసార్లు తిప్పింది.

"మంచిగనే తిరుగుతాంది. ఇదేనా నువ్వేరింది?"

"మిగిలింది."

"లీవు?"

"ఇస్తనన్నడు."

"అన్నీ అయినయి గదా మరి. మొకం గట్లెందుకున్నది?"

అతను పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో రెండుసార్లు కడిగాడు. వచ్చి పీట మీద కూర్చుంటే ఆమె పళ్లెంలో అన్నం పెట్టి, చింతపండు పోసి వండిన బొచ్చెచేప పులుసు వేసింది. కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దగ్గర అడ్డం పడుతుందేమోనని, కదలకుండా, కొంచెంసేపు చూశాడు.

పడలేదు. బాగా ఆకలిగా ఉంది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.